దవడ కీలు నొప్పి: పన్ను పీకించే ముందు ఒక్కమాట



"సిస్టర్, ఆవలిస్తే చెవి పక్కన టక్కుమంటోంది. ముద్ద నమలలేకపోతున్నాను. పన్ను పీకించినా తగ్గలేదు." దివిసీమ నుండి, గుడివాడ చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చేవారి దగ్గర ఈ మాట వింటూ ఉంటాం. ఒక్కోసారి బాధ పంటిది కాదు, దవడ కీలుది. పీకిన పన్ను తిరిగి రాదు గనుక ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

కీలు ఎక్కడ ఉంది?

చెవికి ముందు వేలు ఆనించి నోరు తెరవండి. అక్కడ కదిలేదే దవడ కీలు. అందులో రెండు ఎముకల మధ్య డిస్కు అనే చిన్న మెత్తటి పలక ఉంటుంది. అది పక్కకు జరిగితే శబ్దం వస్తుంది. ఇరుక్కుంటే నోరు సరిగా తెరుచుకోదు. మామూలుగా పెద్దవారి నోట్లో వారి మూడు వేళ్ళు నిలువుగా పడతాయి. నొప్పి లేకుండా శబ్దం మాత్రమే ఉంటే భయపడనక్కరలేదు.

మొదట చేయవలసినవి

1. కొన్ని వారాలు మెత్తటి అన్నం, పెరుగు, జావ తీసుకోండి. చెరకు, జంతికలు, వక్క మానండి.
2. ఆవలించేటప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించండి.
3. రోజూ రెండు మూడుసార్లు వేడి కాపడం పెట్టండి.
4. నిద్రలో పళ్ళు నూరే అలవాటుంటే దంతవైద్యునికి చెప్పండి.

చాలామందికి వీటితోను, డాక్టరు ఇచ్చే మందులతోను తగ్గిపోతుంది.

తగ్గకపోతే?

అప్పుడు కూడా పెద్ద కోత అక్కరలేని పద్ధతులున్నాయి. ఆర్థ్రోసెంటెసిస్ అంటే కీలును కడగడం. మత్తు సూది ఇచ్చి, కీలులోకి సాధారణంగా రెండు సన్నని సూదులు దించుతారు. ఒకదాని గుండా సెలైన్ పంపితే, వాపు పుట్టించే పదార్థాలను వెంటబెట్టుకుని రెండవదాని గుండా బయటికి వస్తుంది. అతుక్కున్న డిస్కు వదులవుతుంది. ఈ పద్ధతి 1991లో వైద్య పత్రికలకెక్కింది. ఎక్కువమంది ఆ రోజే ఇంటికి వెళ్తారు. కొద్దిరోజులు వాపు ఉండవచ్చు. తర్వాత నోరు తెరిచే వ్యాయామం మానకూడదు, మానితే కీలు మళ్ళీ బిగుస్తుంది.

రెండవది ఆర్థ్రోస్కోపీ. సన్నని గొట్టం లాంటి కెమెరాతో లోపల చూస్తూ సరిచేస్తారు. దీనికి సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు.

ఇవి నోటి, దవడ శస్త్రచికిత్స నిపుణుల పని. ఈ విభాగం విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలోను, గన్నవరం దగ్గర చినఅవుటపల్లి దంత కళాశాలలోను ఉంది. అక్కడ పరీక్ష చేయించుకుని మీకు ఏది తగునో అడగండి.

ఆలస్యం చేయకూడనివి

* తెరిచిన నోరు మూతపడకపోతే ఎవరిచేతా లాగించవద్దు. ఆసుపత్రికి రండి.
* గడ్డం మీద పడిన పిల్లలకు నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే వెంటనే చూపించండి. ఎముకలు అతుక్కుపోతే సూదులు చాలవు, పెద్ద ఆపరేషనే కావాలి.
* వక్క, గుట్కా నమిలేవారికి నోరు మండుతూ బిగుస్తుంటే అది వేరే జబ్బు, క్యాన్సరుకు దారితీయవచ్చు.
* దవడ నొప్పితో పాటు గుండెలో బరువు, చెమటలు ఉంటే అది గుండెపోటు కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

అద్దం ముందు నిలబడి ఈ రోజే మీ మూడు వేళ్ళు పెట్టి చూసుకోండి. పట్టకపోతే వచ్చి చూపించుకోండి.