మందుకు లొంగని ఊద

ప్రశ్న: ఏటా వెదజల్లిన వరిలో బిస్‌పైరిబాక్ సోడియమే కొడుతున్నాం. ఈసారి ఊద చావలేదు. మందు నకిలీదా?

జవాబు: ముందు చేలో చూడండి. మిగతా కలుపు చచ్చి, ఎండిన ఊద పక్కనే పచ్చటి ఊద నిలబడితే మందును కాదు, మొక్కనే అనుమానించాలి: అది మందుకు నిరోధకత పెంచుకుని ఉండొచ్చు. అయితే నాలుగాకులు దాటాక కొట్టినా, నీరు తీయకుండా కొట్టినా మందు సరిగా పనిచేయదు.

ఏటా ఒకే మందు కొడితే తగిలే దెబ్బ హర్యానా గోధుమ రైతులకు ముందే తగిలింది. అక్కడ ఫలారిస్ మైనర్ అనే గడ్డికి ఏళ్ల తరబడి ఐసోప్రోట్యూరానే వాడారు. 1990ల తొలినాళ్లలో ఆ గడ్డి మందుకు లొంగడం మానేసింది. కొందరు పైరును పశువుల మేతకు కోసేయాల్సి వచ్చింది. హిస్సార్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆర్.కె. మాలిక్, సమందర్ సింగ్ ఈ నిరోధకతను 1995లో ప్రచురించారు. ఆ గడ్డి మందును తన లోపలే విరగ్గొట్టేసుకుంటోందని తర్వాత తేలింది. ఆపైన వచ్చిన క్లోడినాఫాప్‌కూ అది క్రమంగా అలవాటుపడింది!

కాబట్టి మందు పేరు మారిస్తే చాలదు. పెనాక్సులం కూడా బిస్‌పైరిబాక్ దెబ్బతీసే ఎంజైమునే దెబ్బతీస్తుంది. సైహలోఫాప్ బ్యూటైల్ దారి వేరు. లేత ఊద మీదే వాడండి. వచ్చే పంటకు విత్తిన తొలిరోజుల్లోనే, వరి మొలకను కాపాడే సేఫ్‌నర్ కలిసిన ప్రెటిలాక్లోర్ వేయండి. మిగిలిన ఊదను, కూలి ఖర్చైనా సరే, గింజ రాలకముందే పీకించండి.