పొగ రంగుతో ట్రాక్టర్ ఇంజిన్ లోప నిర్ధారణ

ఆదిలాబాద్ నల్లరేగడి నేలల్లో దుక్కి పదును కొద్ది రోజులే నిలుస్తుంది. కరీంనగర్ ఆయకట్టులో నారు ముదరకముందే దమ్ము ముగియాలి. ఆ అదనులో ట్రాక్టర్ ఇంజిన్ కుదుపులతో నడిస్తే, పంపు విప్పించే ముందు పొగను పరిశీలించాలి.

నల్ల పొగ: డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు. దుమ్ముతో ఎయిర్ క్లీనర్ పూడుకుపోవడం ముఖ్య కారణం. ఆయిల్ బాత్ రకంలో నూనె మార్చాలి. పొడి రకంలో ఎలిమెంట్‌ను శుభ్రపరచాలి లేదా మార్చాలి.

తెల్ల పొగ: ఇంజిన్ వేడెక్కినా ఆగకపోతే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా సిలిండర్‌లోకి నీరు చేరుతున్నది. రేడియేటర్ నీటిమట్టం తగ్గుతున్నదేమో గమనించాలి.

నీలి పొగ: ఇంజిన్ ఆయిల్ మండుతున్నది. పిస్టన్ రింగుల అరుగుదలను పరీక్షించాలి.

పొగ మారకుండా ఇంజిన్ తడబడితే డీజిల్ ఫిల్టర్‌లోని నీటిని, గాలిని తొలగించాలి.

పాత ఇంజిన్లలో మెకానిక్ ఇంజెక్టర్ గొట్టాల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేస్తాడు. ఏ నట్టుకు శబ్దం మారదో ఆ సిలిండర్‌లోనే లోపం ఉన్నట్లు. కామన్ రైల్ ఇంజిన్లలో ఇలా చేయరాదు. వాటిలో పీడనం 1000 బార్లకు మించుతుంది. డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని శరీరంలోకి పోగలదు.

50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు వర్తిస్తున్నాయి. ఇటువంటి ఇంజిన్లలో ఇ.జి.ఆర్. వాల్వు మసితో బిగుసుకున్నా కుదుపులు, నల్ల పొగ వస్తాయి. హెచ్చరిక దీపం వెలిగితే ముందుగా లోప సంకేతాన్ని చదివించాలి. వాల్వును మూసివేయించడం మరమ్మతు కాదు. దానిని శుభ్రపరచడమే సరైన పద్ధతి.