రేగడి డొంకల్లో తిరిగే పాత జీపును ఇంటి దగ్గరే ఎత్తు పెంచుకోవచ్చా?

మహీంద్రా ఎంఎం 540 వంటి పాత జీపులకు ముందూ వెనకా కమాన్లే కాబట్టి కొంతవరకు వీలవుతుంది. కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ 2 అంగుళాలు పొడుగైతే బండి లేచేది సుమారు 1 అంగుళమే; ముందువైపు పెంచితే క్యాస్టర్ కోణం మారి స్టీరింగ్ తీరు దెబ్బతింటుంది. కమాను కట్ట విప్పి, చదునైపోయిన, విరిగిన పట్టీలు మార్చడమే మేలు. పోయిన ఎత్తు చాలామటుకు దానితోనే తిరిగొస్తుంది.

బండి బరువు జాకీ మీద కాక, ఛాసిస్ కింద పెట్టిన స్టాండ్ల మీద ఉండాలి. యూ బోల్టులు కొత్తవే వేయాలి. యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు.

గుంటూరు, ప్రకాశం మిరప చేల దారుల్లో వానాకాలం బురదను ఒరుసుకునేది డిఫరెన్షియల్ గుండు. కమాన్లు ఎంత పెంచినా అది లేవదు. దాన్ని లేపేది పెద్ద టైర్లే. అయితే రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా తెచ్చే మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.