జులై నెలను చూసి పిల్లల్ని చేర్చుకో

చిరంజీవి అమ్మాయికి,

వచ్చే నెల నుంచి మన పిల్లల హోమ్ లెక్కలు నీ చేతికి వస్తున్నాయని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పిల్లల్ని ఎలా చూసుకోవాలో నీకు నేను చెప్పక్కర్లేదు. ఒకడికి జ్వరం వస్తే నువ్వు కన్ను మూయవని నాకు తెలుసు. అందుకే డబ్బు గురించి రాస్తున్నాను. మనవాళ్లు ప్రార్థన గురించి చెప్పినంత వివరంగా పద్దుల గురించి చెప్పరు.

చందాలతో నడిచే హోమ్‌కి ఏడాదంతా ఒకేలా ఉండదు. డిసెంబరులో కేకులు, దుప్పట్లు, కొత్త బట్టలు వద్దన్నా వస్తాయి. ఒకే పూటకి ఇద్దరు దాతలు బిర్యానీ తెస్తామంటారు. సంక్రాంతి దాటాక ఆ సందడి తగ్గిపోతుంది. జూన్‌లో బడులు తెరవగానే నోటు పుస్తకాలు, యూనిఫాంలు, చెప్పులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇచ్చేవాళ్లకీ అప్పుడే వాళ్ల పిల్లల ఫీజులు, రైతులైతే నారుమళ్ల పెట్టుబడులు. వాళ్లని తప్పుపట్టలేం. కానీ పిల్లల ఆకలికి నెలలతో పనిలేదు. మనిషికి రోజుకి 400 గ్రాముల బియ్యం చొప్పున లెక్కేసినా 40 మందికి రోజుకి 16 కిలోలు, నెలకి 480 కిలోలు. అంటే 25 కిలోల బస్తాలు పంతొమ్మిది ఖాళీ అయ్యాక కూడా ఇంకో ఐదు కిలోలు కావాలి. పప్పు, నూనె, గ్యాస్, కూరగాయలు ఇంకా రాయనేలేదు.

కాబట్టి ఎంతమందిని చేర్చుకోవాలో డిసెంబరు పుస్తకం చూసి తేల్చుకోకు. జులై పుస్తకం తియ్యి. ఆ నెలలో వచ్చిన డబ్బు, దాచిపెట్టిన డబ్బు కలిపి ఎంతమందికి సరిపోతుందో అంతమందినే చేర్చుకో. గుమ్మం దగ్గర పిల్లాణ్ణి పెట్టుకుని నిలబడ్డ తల్లికి లేదని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ పిల్లాణ్ణి చేర్చుకుని, ఆగస్టులో మిగతా 40 మంది పాలల్లో నీళ్లు కలపడం దయ అనిపించుకోదు.

విశ్వాసం మీద నడిపిన హోమ్ అనగానే అందరూ జార్జ్ ముల్లర్ పేరు చెబుతారు. ఆయన 1836లో బ్రిస్టల్‌లోని విల్సన్ వీధిలో ఆడపిల్లల కోసం మొదటి ఇల్లు తెరిచాడు. 1870 నాటికి ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద భవనాలు, 2,000 మందికి పైగా పిల్లలకి చోటు. మన సంఘాలకీ ఆయనకీ దూరపు చుట్టరికం ఉంది. ఆయన భార్య మేరీకి అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. నర్సాపురం వైపు సువార్త పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దంపతులు ఆ గ్రోవ్స్ వెంటే 1836లో ఇండియాకి బయలుదేరారు. ముల్లర్ మనుషుల్ని డబ్బు అడగలేదని మన ప్రసంగాల్లో వింటూంటాం. 1838లో ఏ పూటకి ఆ పూటే డబ్బు చేతికందిన రోజులు ఆయనకి చాలా ఉన్నాయి. అయినా అప్పు చేయనన్నాడు. పెన్నీ వచ్చినా పుస్తకంలో ఎక్కించాడు, ఏటా నివేదిక అచ్చువేయించాడు. ఆ మోకాళ్ల ప్రార్థనా, ఆ పద్దుల పుస్తకమూ ఒకే మనిషివి. మనవాళ్లు మొదటిది తీసుకుని రెండోది వదిలేశారని నా బాధ.

అప్పు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, కిరాణా కొట్లో ఖాతా కూడా అప్పే. వడ్డీ రాయడు గాని కందిపప్పు ధరలో ఓ రెండు రూపాయలు కలుపుతాడు. పురుగు పట్టిన బియ్యం పంపితే, పాత బాకీ ఉన్న నువ్వు తిరిగి పంపలేవు. ఆ బియ్యం చెరిగేది వంటావిడ, తినేది పిల్లలు.

పుట్టినరోజు భోజనం పెట్టేవాళ్లు దొరుకుతారు. కరెంటు బిల్లు, బోరు మోటారు మరమ్మతు, వార్డెన్ జీతం ఇస్తామనేవాళ్లు అరుదు. భోజనం పెడతామన్న దాతకి ఆ నెల లెక్క చూపించి, "అన్నా, ఈసారి వంటావిడ జీతం ఇవ్వగలరా" అని అడుగు. సిగ్గుపడకు. చాలామందికి మన అవసరం ఏమిటో తెలియకే కేకు తెస్తారు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లని బ్యాంకులోనే వేయమను, 2,000 దాటిన నగదుకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

విదేశీ డబ్బు మీద ఇల్లు కట్టుకోకు. 2017లో కంపాషన్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థ మన దేశంలో పని ఆపేసినప్పుడు దాదాపు లక్షన్నర మంది పిల్లలకి అందుతున్న సాయం ఆగింది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల) చట్టం మార్చాక, విదేశీ విరాళం పొందిన సంస్థ దాన్ని ఇంకో సంస్థకి పంచడానికి వీల్లేదు. పెద్ద మిషన్ల చేతిమీదుగా బతికిన పల్లెటూరి హోమ్‌లకి ఆ దారి మూసుకుపోయింది. అదే సవరణ ఆఫీసు ఖర్చుల పరిమితిని సగం నుంచి 20 శాతానికి తగ్గించింది. చుట్టుపక్కల వందమంది నెలకి 300 చొప్పున ఇస్తే నెలకి 30,000. నన్నడిగితే, దూరదేశం నుంచి ఎప్పుడొస్తుందో తెలియని మూడు లక్షల కన్నా అదే నయం.

ఫోటోల సంగతి. కేకు ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి, వెనక ఫ్లెక్సీ కట్టి, ఫేస్‌బుక్‌లో పెడతారు. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయచట్టం 74వ సెక్షన్ నిషేధించింది. చట్టం లేకపోయినా నేను వద్దనేదాన్నే. పదో తరగతి ఆడపిల్ల బడిలో తలెత్తుకు తిరగాలి కదా. దాతకి కృతజ్ఞత చెప్పడానికి ఓ ఉత్తరం, రసీదు, లెక్క చాలు. కోపగించుకుని ఎవరైనా రావడం మానేస్తే మాననీ.

ఇంకొకటి, ఇది నీకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది. మన హోమ్‌లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. పేదరికమే వాళ్లని మన దగ్గరకి పంపింది. చందా అడిగేటప్పుడు పిల్లల సంఖ్య పెద్దదిగా ఉంటే బాగుంటుందన్న ఆశ ఎంత మంచివాళ్లకైనా పుడుతుంది. దానికి లొంగకు. మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకి ఇంటి దగ్గరే నెలకి 4,000 సాయం ఉంది. బాలల సంక్షేమ సమితి సభ్యులతో మాట్లాడి, అర్హత ఉన్న ప్రతి బిడ్డకీ దరఖాస్తు పెట్టించు. బడి తెరిచేలోగా ఇద్దరు ముగ్గురు వాళ్ల అమ్మల దగ్గరకి చేరినా సంతోషమే. వాళ్లు వెళ్లాక కూడా నెలకోసారి వెళ్లి చూసి రా. ఆ బస్సు ఛార్జీ కూడా ఖర్చులో రాయి.

హోమ్ రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో, ఆడిట్ ఎక్కడ ఆగిందో ఈ వారమే చూడు. కొట్టువాడి బాకీ ఎంతో అడిగి, కాగితం మీద రాయించుకుని నాకు పంపు.

ప్రభువునందు,
నీ పెద్దమ్మ