పోటీ పరీక్షల ప్రత్యేకం: లీజియొనెల్లా – జలాశ్రిత న్యుమోనియా కారకము

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, బెలెవ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ హోటలులో జరిగిన ‘అమెరికన్ లీజియన్’ మాజీ సైనికుల మహాసభకు వచ్చినవారిలో అనేకులు కొలది దినములలోనే తీవ్రజ్వరముతోను, న్యుమోనియాతోను మంచముపట్టగా, కారణ మేదియో తెలియక వైద్యలోకము కొన్ని మాసములు కలవరపడెను. 1977 జనవరిలో వ్యాధి నియంత్రణ కేంద్రపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ మెక్‌డేడ్ ఆ సూక్ష్మజీవిని గుర్తింపగా, దానికి తరువాత ‘లీజియొనెల్లా న్యుమోఫిలా’ అను నామ మేర్పడెను.

స్వభావము: ఇది గ్రామ్ ఋణాత్మక దండాకార బాక్టీరియా. నదీతటాకములలో స్వల్పముగ నుండు నీ జీవి, పెద్ద కట్టడముల కూలింగ్ టవర్లలోను, వేడినీటి ట్యాంకులలోను, వాడుకలేని పైపులలోను చేరి, లోపల పట్టిన జిగురుపొరయందు అమీబాల కణములలో దాగి, 20–45 డిగ్రీల సెల్సియస్ నడుమ వృద్ధిచెందును.

వ్యాప్తి: షవరు మొదలగువానినుండి వెలువడు సూక్ష్మతుంపరలను పీల్చుటవలన సోకును, సాధారణముగ ఒకరినుండి యొకరికి అంటదు. లక్షణములు ప్రాయికముగ 2–10 దినములలో కనిపించును. వృద్ధులకు, ధూమపానము చేయువారికి, రోగనిరోధకశక్తి క్షీణించినవారికి ముప్పు అధికము.

చికిత్స: పెన్సిలిన్ ఫలింపదు, అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ వాడుదురు.

నియంత్రణ: వేడినీటిని 60 డిగ్రీలకు తగ్గకుండ, చన్నీటిని 20 డిగ్రీలకు మించకుండ నిలువచేయవలెను, వాడని కుళాయిలను వారమున కొకమారైనను విప్పి నీటిని పారింపవలెను, కూలింగ్ టవర్లను శుభ్రపరచి క్లోరిన్ వంటి క్రిమిసంహారకములు కలుపవలెను.

గమనిక: ఇదే ప్రజాతివలన కలుగు స్వల్పజ్వరము ‘పాంటియాక్ జ్వరము’, అందు న్యుమోనియా యుండదు. ఈ భేదమును అభ్యర్థులు తప్పక గుర్తుంచుకొనవలెను.