తైత్తిరీయంలో ఒక చిన్న ‘చ’: చదువు, సండే క్లాసు, ఆఫీసు, ఇల్లు

శీక్షావల్లి తొమ్మిదో అనువాకం మీద ఈ వారం వీడియోని పన్నెండు నిమిషాల్లో ముగించాను. నిడివి పెరిగితే సగంలో వెళ్ళిపోతారని భయం. అందులో పట్టని సంగతులు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. వీడియో చూడకపోయినా ఇది అర్థమవుతుంది.

ముందు నా పరిస్థితి చెప్పాలి. లేకపోతే ఈ పాఠం నాకెందుకింత దగ్గరైందో తెలియదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు వారాలకోసారి ఆన్‌కాల్, అంటే అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి కూర్చోవాల్సింది నేనే. మంగళ, గురువారాల్లో రాత్రి ఎనిమిదిన్నరకి మా గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో ఉపనిషద్భాష్య పాఠం. ఇది మూడో ఏడాది. దానితోపాటు సంస్కృత వ్యాకరణం, ఆరు నెలలకోసారి రాతపరీక్ష. ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాల్లో టెన్త్, ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలకి గీత క్లాసు. ఇవి కాక ఇల్లు: నాన్నగారి షుగర్ చెకప్‌లు, అమ్మ తెచ్చే పెళ్ళిసంబంధాలు, బంధువుల గృహప్రవేశాలు.

“ఇవన్నీ ఎలా బ్యాలెన్స్ చేస్తావన్నా?” అని క్లాసు పిల్లలే అడుగుతుంటారు. బ్యాలెన్స్ అనగానే మనకి తక్కెడ గుర్తొస్తుంది. ఒక పళ్ళెం లేస్తే ఇంకోటి దిగాల్సిందే. ఉపనిషత్తు ఈ సమస్యని ఇంకో రకంగా చూసింది.

తైత్తిరీయోపనిషత్తు కృష్ణయజుర్వేదానిది. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఈ శాఖే కాబట్టి గుడిలోనో, ఏదో శుభకార్యంలోనో ఈ మంత్రాలు మీ చెవిన పడే ఉంటాయి. స్వరంతో చెప్పడం గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య. నేనిక్కడ అర్థం వరకే మాట్లాడుతున్నాను.

తొమ్మిదో అనువాకం చూడ్డానికి ఒక జాబితాలా ఉంటుంది. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథులు, మానుషం, ఆ తర్వాత సంతానానికి, వంశానికి సంబంధించినవి మూడు. మొత్తం పన్నెండు. ప్రతిదాని పక్కనా ఒక ‘చ’ పెట్టి, స్వాధ్యాయం, ప్రవచనం అనే రెండింటినీ మళ్ళీ చెబుతుంది. సంస్కృతంలో ‘చ’ అంటే ‘కూడా’. సత్యం పాటించాలి, దానితోపాటు చదువుకోవాలి, చెప్పాలి. అతిథుల్ని చూసుకోవాలి, దానితోపాటు చదువుకోవాలి, చెప్పాలి. పన్నెండుసార్లూ ఇదే. కోడ్ రాసేవాళ్ళకి ఇది చూడగానే చేతులు దురదపెడతాయి, ఒక లూప్ పెడితే రెండు లైన్లలో అయిపోతుంది కదా అని!

ఎందుకిన్నిసార్లు చెప్పారో శంకరాచార్యులు భాష్యంలో వివరించారు. ఈ పనులన్నిటిలో ఉన్నవాడు కూడా స్వాధ్యాయ ప్రవచనాల్ని ప్రయత్నపూర్వకంగా చెయ్యాలి, అది తెలియడానికే ప్రతిచోటా వాటిని చెప్పారని ఆయన మాట. ‘ప్రయత్నపూర్వకంగా’ అన్నదాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. టైమ్ దొరికితే చేద్దాంలే అనుకుంటే ఈ రెండూ ఎప్పటికీ జరగవని ఆయనకీ తెలుసన్నమాట. అలాగని పనులన్నీ మానేసి పుస్తకం ముందు కూర్చోమని అనువాకం అనలేదు. అతిథి తలుపు తట్టినప్పుడు చదువు సాకు చెప్పమనీ అనలేదు.

ఇక అసలు చిక్కు. పోయిన ఏడాది ఒక ఆదివారం మా మేనత్త వాళ్ళు విజయవాడ నుంచి వచ్చారు. అప్పట్లో క్లాసు పొద్దున పదికి మొదలై పన్నెండుంబావుకి అయ్యేది. తర్వాత పిల్లలు సందేహాలంటూ ఆపేసేవాళ్ళు. నేను ఇంటికి చేరేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. సాయంత్రం అమ్మ అంది, “ఊరందరి పిల్లలకీ గీత చెప్తావు, సంతోషమే. మన ఇంటికొచ్చినవాళ్ళతో ఒక్క పూట కూర్చుని తినడానికి నీకు ఖాళీ లేదురా.” అమ్మ మాటలో న్యాయం ఉంది. ఆ హాల్లో కూర్చున్న పద్నాలుగుమందికి కూడా నేను మాటిచ్చాను, అందులోనూ న్యాయం ఉంది. రెండు వారాల్లో రాతపరీక్ష. ఆ వారమే ఆన్‌కాల్.

గురువారం పాఠం అయ్యాక గురువుగారిని అడిగాను: “పరీక్షలయ్యేదాకా పిల్లల క్లాసు ఆపేద్దామనుకుంటున్నానండీ.” ఆయన అవుననలేదు, కాదనలేదు. “తొమ్మిదో అనువాకంలో మానుషం ఎన్నోది నాయనా?” అన్నారు. లెక్కపెట్టి తొమ్మిదోది అన్నాను. “దానికి భాష్యం ఏముందో చూసి మంగళవారం చెప్పు.”

మానుషం అంటే లౌకిక వ్యవహారం అని శంకరులు అర్థం చెప్పారు. బంధువులు, పెళ్ళిళ్ళు, ఇరుగుపొరుగు, మనుషుల మధ్య నడిచే మర్యాదలన్నీ అందులోకే వస్తాయి. దాన్ని ఎప్పుడు ఎలా ఎదురైతే అప్పుడు అలా చెయ్యాలని కూడా అన్నారు. అంటే దానికి టైమ్‌టేబుల్ ఉండదు. అగ్నిహోత్రానికి వేళ ఉంది, పాఠానికి వేళ ఉంది. మేనత్త రాకకి వేళ లేదు. నా ఉద్యోగంలో ఆన్‌కాల్ లాంటిదే ఇది. అలర్ట్ వచ్చినప్పుడు ‘ఇప్పుడు కుదరదు’ అనలేం, కానీ ఎప్పుడైనా రావచ్చని తెలుసు కాబట్టి మిగతా పనిని దానికి తగ్గట్టు సర్దుకుంటాం. ఆఫీసులో ఇది నాకెవరూ నేర్పక్కర్లేదు.

తర్వాత చేసిన మార్పు చాలా మామూలుది. క్లాసు సాయంత్రం ఐదుకి మార్చాం. ఆదివారం మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే. నా ఆన్‌కాల్ వారాల్లో ఇంజినీరింగ్ చదివే ఇద్దరు పిల్లలు క్లాసు నడుపుతారు. నేను ముందురోజు వాళ్ళతో అరగంట ఫోన్లో శ్లోకం గురించి మాట్లాడతాను. పొద్దున క్రికెట్ పోతోందని రానివాళ్ళు ముగ్గురు ఇప్పుడు వస్తున్నారు. ట్యూషన్ ఉందని ఒకమ్మాయి మానేసింది. అన్నీ కలిసిరావు మరి.

క్లాసు పూర్తిగా ఆపెయ్యడం ఎందుకు సరైన దారి కాదో కూడా భాష్యంలోనే ఉంది. ఈరోజుల్లో ప్రవచనం అంటే మనకి టీవీలో చాగంటి కోటేశ్వరరావుగారో, సామవేదం షణ్ముఖశర్మగారో గుర్తొస్తారు. (చాగంటిగారు ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం చేస్తూనే ప్రవచనాలు చెప్పారు. ఉద్యోగం ఉంది కాబట్టి కుదరదు అనేవాళ్ళకి ఈ సంగతి చెబుతుంటాను.) ఈ అనువాకంలో ప్రవచనం అంటే అధ్యాపనం, అంటే ఇంకొకరికి చదువు చెప్పడం. లేదా నిత్యం చేసే బ్రహ్మయజ్ఞం. అది చదివింది మరిచిపోకుండా ఉండటానికి, ధర్మం పెరగడానికి అని శంకరులు రెండు ప్రయోజనాలు చెప్పారు. మరిచిపోకుండా ఉండటాన్నే ముందు పెట్టారు చూశారా! చెప్పడం వల్ల లాభం మొదట చెప్పేవాడికే.

దీనికి మా క్లాసులోనే ఉదాహరణ ఉంది. ఎంసెట్‌కి చదువుతున్న ఒకబ్బాయి రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం దగ్గర ఆపి, “ఫలితం మీద ఆశ వద్దంటే నాకు ర్యాంకు ఎందుకన్నా?” అన్నాడు. దాని మీద పరీక్షలో పది మార్కులకి వ్యాసం రాసొచ్చిన నేను, ఆ ప్రశ్నతో మళ్ళీ పుస్తకం తెరిచాను. శ్లోకంలో అసలు పదం అధికారం. పని మీద నీకు అధికారం ఉంది, ఫలితం మీద లేదు. ఫలితం ఉండదని కాదు, కోరకూడదని తిట్టడమూ కాదు. పేపర్ ఎంత కష్టంగా వస్తుందో, పక్కవాడు ఎంత బాగా రాస్తాడో నీ చేతిలో లేవు, ఈరోజు చదివే నాలుగు గంటలు నీ చేతిలో ఉన్నాయి. అలాగని పని మానేసి కూర్చోవడం మీద మోజు పెంచుకోవద్దని చివరి పాదం హెచ్చరిస్తుంది. వాడికి ఇది నచ్చిందో లేదో తెలీదు కానీ, నాకు మాత్రం ఆ శ్లోకం ఆ రోజునుంచి వేరేలా వినిపిస్తోంది.

శీక్షావల్లి మూడో అనువాకంలో దీనికి చక్కటి పోలిక ఉంది. రెండు అక్షరాలు కలిసినప్పుడు సంధి ఏర్పడుతుంది కదా. అక్కడ ముందున్న అక్షరం ఆచార్యుడు, వెనకున్నది శిష్యుడు, వాళ్ళిద్దరి మధ్య పుట్టే సంధి విద్య. ఆ రెంటినీ కలిపేది ప్రవచనం. విద్య ఉండేది మధ్యలో అన్నమాట. నా నోట్స్ ఎంత బాగున్నా అవతల అక్షరం లేకపోతే సంధి జరగదు.

మరి టైమ్? వ్యాకరణ మహాభాష్యం మొదట్లోనే పతంజలి ఈ లెక్క వేశారు. బృహస్పతి ఇంద్రుడికి వెయ్యి దివ్యసంవత్సరాలు ఒక్కో పదమే చెబుతూ పోయినా చివర దొరకలేదట. మనిషి ఎంత బతికినా నూరేళ్ళు. విద్య నాలుగు దశల్లో ఉపయోగంలోకి వస్తుందని అక్కడే అంటారు: గురువు దగ్గర నేర్చుకునే ఆగమకాలం, సొంతంగా చదువుకునే స్వాధ్యాయకాలం, ఇంకొకరికి చెప్పే ప్రవచనకాలం, జీవితంలో వాడే వ్యవహారకాలం. పదం పదం నేర్చుకుంటూ కూర్చుంటే ఆయుష్షంతా మొదటి దశకే ఖర్చవుతుందని ఆయన వాదన. నాలాంటి కోర్సుల పిచ్చివాళ్ళు దీన్ని గోడ మీద రాసుకోవాలి. ఇంకో సర్టిఫికెట్ అయ్యాక చెప్తాను, ఇంకో భాష్యం అయ్యాక మొదలుపెడతాను అని వాయిదా వేసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. క్లాసులు చెప్పేయడమే తప్ప నాలుగేళ్ళుగా కొత్త పుట తిప్పని వాళ్ళనీ చూశాను. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వినేవాళ్ళకి అది వెంటనే తెలియదు.

రోజువారీ స్వాధ్యాయానికి ఎంత సమయం కావాలన్న దాంట్లో మన పెద్దలు చాలా ఉదారంగా ఉన్నారు. తైత్తిరీయారణ్యకం రెండో ప్రపాఠకం ప్రకారం ఒక్క ఋక్కు చదివినా ఆనాటి బ్రహ్మయజ్ఞం పూర్తయినట్టే. ఊళ్ళో ఉంటే మనసులోనే చేసుకోవచ్చు. నిలబడి, నడుస్తూ, కూర్చుని, పడుకుని ఎలా వీలైతే అలా చేసే వెసులుబాటు కూడా అక్కడే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేదాకా నాకు సీటు దొరకడం అరుదు. నిలబడే ఆ వారం గీతాశ్లోకాలు నాలుగు మనసులో తిప్పుకుంటాను. అమీర్‌పేట తోపులాటలో ఎక్కడ ఆపానో మర్చిపోతే మళ్ళీ మొదటినుంచి.

సెలవు కూడా శాస్త్రంలో ఉంది, మనం గమనించం గానీ. సంప్రదాయ వేదపాఠశాలల్లో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పాఠం ఉండదు, దాన్ని అనధ్యాయం అంటారు. సుందరకాండలో సీతమ్మ ఎంత చిక్కిపోయిందో వానరులకి చెబుతూ హనుమ ఆమెని పాడ్యమి నాడు చదివేవాడి విద్యతో పోలుస్తాడు. విశ్రాంతి లేని చదువు చిక్కిపోతుందని అందరికీ తెలిసిన రోజులవి. అయితే నిత్యం చేసే స్వాధ్యాయానికి అనధ్యాయం లేదంటుంది మనుస్మృతి. అందుకే మా క్లాసుకి నెలలో ఒక ఆదివారం సెలవు, పండగ వారం సెలవు, నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే ముందురోజే మెసేజ్ పెట్టి సెలవు. మెట్రోలో నాలుగు శ్లోకాలకి మాత్రం లేదు. మీకూ ఏదైనా తగ్గించాల్సి వస్తే ఈ తేడా గుర్తుపెట్టుకోండి, వారానికి ఒకసారి జరిగేదాన్ని తగ్గించొచ్చు, రోజూ చేసే చిన్నదాన్ని వదలొద్దు.

తొమ్మిదో అనువాకం చివర ముగ్గురు ఋషుల అభిప్రాయాలున్నాయి. సత్యమే ముఖ్యం అన్నాడు రాథీతరుడు. తపస్సే అన్నాడు పౌరుశిష్టి. ముద్గల వంశానికి చెందిన నాకుడు స్వాధ్యాయ ప్రవచనాలే చాలు, అదే తపస్సు అన్నాడు. నాకుడి మాటనే చివర ఉంచారు గానీ మిగతా ఇద్దరి మాటా తీసెయ్యలేదు. మీరు ఈ ముగ్గురిలో ఎవరి వైపో ఆదివారం క్లాసులో చెప్పాలి. ‘ముగ్గురూ కరెక్టే’ అనే జవాబు ఒప్పుకోను.

వచ్చే వీడియో పదకొండో అనువాకం, చదువు పూర్తయిన శిష్యుణ్ణి ఇంటికి పంపుతూ ఆచార్యుడు చెప్పే మాటలు. అక్కడ కూడా స్వాధ్యాయ ప్రస్తావన రెండుసార్లు వస్తుంది. ఎక్కడెక్కడో వెతికి ఉంచండి. ఈ ఆదివారం క్లాసు ఐదింటికే, నేనే ఉంటాను. ఆన్‌కాల్ పైవారం.