హాకీ క్రీడ: బంతిపై అదుపు

గోలు చేసిన ఆటగాని పేరు పత్రికలలో వస్తుంది. అంతకుముందు ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థుల నడుమనుండి బంతిని చేజారనీయక తెచ్చిన మణికట్టు పనితనమును గమనించేవారు తక్కువ. ఆ పనితనమునకే డ్రిబ్లింగ్ అని పేరు.

హాకీ బంతి బరువు 156 నుండి 163 గ్రాములు. మంచుపై ఆడే ఐస్ హాకీలోని రబ్బరు బిళ్ళ, అనగా పక్, బరువు కూడ ఇంచుమించు అంతే. అయితే ఆ ఆటలో కర్రను ఇరువైపులా వాడవచ్చును. మన ఆటలో కర్ర వెనుకనున్న గుండ్రని భాగముతో బంతిని ఆడుట తప్పిదము. కావున బంతిని ఎడమనుండి కుడికి తేవలెనన్న, కర్రను బంతి మీదుగా దాటించి, తలక్రిందుగా త్రిప్పి, ఆ చదును ముఖముతోనే లాగవలెను. రివర్స్ స్టిక్ అనబడే ఈ మలుపే డ్రిబ్లింగ్‌కు ప్రాణము.

ఎడమచేయి పిడి చివర గట్టిగాను, కుడిచేయి జానెడు దిగువన వదులుగాను ఉండవలెను. కర్రను త్రిప్పేది ఎడమ మణికట్టు. కుడిచేయి గొట్టము వంటిది, దానిలో కర్ర స్వేచ్ఛగా తిరగవలెను. కొత్తవారు రెండు చేతులా బిగించి పట్టుకుంటారు. అప్పుడు కర్రకు బదులు భుజములు తిరుగుతాయి! మోకాళ్ళు వంచి, బంతిని పాదములకు కొంత ముందుగా ఉంచుకొని, మొదట నిలుచున్నచోటనే కుడియెడమలకు కదపవలెను. పిదప నడకలో, ఆ తరువాతనే పరుగులో. రెండేసి అడుగుల దూరమున ఐదు ఇటుకలు పేర్చి వాటి నడుమ వంకరటింకరగా సాగుట మంచి అభ్యాసము. బంతినే చూస్తూ పరుగెత్తేవానికి తోటి ఆటగాడు కనబడడు. అందుచేత మిత్రుడొకడు ఎదుట నిలిచి వ్రేళ్ళు చూపగా, వాటి సంఖ్య చెప్పుచు ఆడవలెను.

1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణము గెలిచిన జట్టులోని మహమ్మద్ షాహిద్ బనారసు బిడ్డ. ఆయన డ్రిబ్లింగ్‌ను నేటికీ తలచుకుంటారు. మన హైదరాబాదు ఆటగాడు ఎన్. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో దేశము తరఫున ఆడినాడు. అయితే 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో కృత్రిమ పచ్చిక ప్రవేశించినది మొదలు ఆట వేగము మారినది. బంతి ఎగరక సూటిగా దూసుకుపోతుంది. ఒంటరిగా ముగ్గురిని దాటబోయేవానికంటె, ఒకరిని దాటి వెంటనే పాసు ఇచ్చేవాడే నేడు జట్టుకు ఎక్కువ అక్కరకు వస్తాడు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. కరీంనగర్, ఆదిలాబాదు విద్యార్థులలో పలువురు మొరము నేలపై ఆట నేర్చినవారు. గులకరాయి తగిలి ఎగిరే బంతిని ఆపుటలో వారి చేతులు చురుకైనవే. కాని నునుపైన నేలపై వేగముగా వచ్చే బంతి వారికి అలవాటు లేదు. ఎంపిక పోటీలనాడే అటువంటి నేలను తొలిసారి చూచినవాని అవస్థ చెప్పనక్కరలేదు.

కృత్రిమ పచ్చిక మన కళాశాలకు అందని ద్రాక్ష. అయినను ఇరువది గజముల పొడవు, ఐదు గజముల వెడల్పుగల సిమెంటు పట్టీ ఒకటి వేయించుట కమిటీ పెద్దలకు అసాధ్యము కాదు. ఈ యేట కొత్త కర్రలకు కేటాయించదలచిన సొమ్మును దీనికి మళ్ళించుట మేలని నా అభిప్రాయము. పాత కర్రలకు టేపు చుట్టుకొని మరొక యేడాది ఆడుకోవచ్చును.